పాటలో కాస్త చోటు

నచ్చిన ఆల్బమ్ ఏదని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచిస్తారు. నచ్చనిదేదని అడిగితే మాత్రం సమాధానం తడుముకోకుండా వస్తుంది. మెటాలికా 2003లో తెచ్చిన 'సెయింట్ యాంగర్'. కారణాలూ సిద్ధంగానే ఉంటాయి. అందులో డ్రమ్ము రేకు డబ్బా మీద కర్రతో కొట్టినట్టు మోగుతుంది. పైగా ఆల్బమ్ మొత్తం వెతికినా ఒక్క గిటార్ సోలో దొరకదు. "పెళ్లికి పిలిచి విస్తరేసి, పప్పు వడ్డించడం మరిచిపోయినట్టు" అంటారాయన.

యాభై దాటిన ఈ తెలుగు పెద్దమనిషి నోయిడాలో ఉంటారు. బీమా రంగంలో ఉద్యోగం. గిటార్ పట్టుకోవడం రాదు, నాలుగు మెట్లు వాయించడమూ రాదు. కానీ రాక్ సంగీతం మీద ఆయన అభిప్రాయాలు సుప్రీంకోర్టు తీర్పుల్లా ఉంటాయి, అప్పీలు ఉండదు. ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. 1990లలో కాలేజీల్లో చదివి, ఇప్పుడు ఫ్లాట్ల వాయిదాలు కట్టుకుంటూ, ఆఫీసుకు వెళ్లే దారిలో కారు అద్దాలు మూసుకుని పాతికేళ్ల కిందటి పాటలు వినే తరం అది. వాళ్ల అభిప్రాయాలు పైకి సంగీతం గురించే అనిపిస్తాయి. ఆయన చిట్టా మాత్రం ఓపిగ్గా వింటే మరో సంగతి తెలుస్తుంది. ప్రతి ఆల్బమ్‌నూ ఆయన ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: ఈ పాటలో నాలాంటివాడికి కాస్త చోటుందా?

ఆ ప్రశ్నకు మూలం ఇల్లే. తండ్రి 1970లలో తెనాలి నుంచి కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా ఢిల్లీ వచ్చారు. ఆర్‌కె పురంలో రెండు గదుల క్వార్టరు. ఉన్న ఒక్క టేప్ రికార్డర్ మీద ఆదివారం ఉదయాలు ఘంటసాలవి. మధ్యాహ్నం తండ్రి కునుకు తీశాక కొడుకు వంతు. ఒకరోజు నిద్రలోంచి లేచొచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, ఎవర్నిరా కొడుతున్నారు? ఆ ఏడుపేమిటి?" అన్నారు. ఏడుస్తున్నది గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు యాక్సిల్ రోజ్. ఆ మాట ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. యాక్సిల్ గొంతు గురించి అంతకన్నా కచ్చితమైన విమర్శ తాను ఎక్కడా చదవలేదంటారు.

అది 1991. ఆ జూన్‌లో ఢిల్లీలో 'పరిక్రమ' అనే బృందం పుట్టింది. జూలైలో మన్మోహన్ సింగ్ బడ్జెట్ దేశపు తలుపులు తెరిచింది. ఆ ఏడాదే ఉపగ్రహ టీవీ వచ్చి, మేడల మీద డిష్‌లు మొలవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే రాక్ చరిత్రలో అరుదైన పంట పండింది. ఆగస్టులో మెటాలికా నల్ల అట్ట ఆల్బమ్, పెర్ల్ జామ్ 'టెన్', సెప్టెంబర్‌లో గన్స్ ఎన్ రోజెస్ ఒకే రోజున విడుదల చేసిన రెండు ఆల్బమ్‌లు, నిర్వాణా 'నెవర్‌మైండ్', నవంబర్‌లో యూ2 'అక్టుంగ్ బేబీ'. ఆయనకప్పుడు 17 ఏళ్లు. సరైన వయసులో సరైన సంవత్సరం తగలడం అదృష్టమంటారాయన. అయితే ఆ అదృష్టం ఇంటికి రావడానికి బస్సెక్కి కన్నాట్ ప్లేస్ దాకా వెళ్లి, భూగర్భంలోకి మెట్లు దిగాలి. పాలికా బజార్‌లో అసలు క్యాసెట్ ధరకు రెండు నకళ్లు వచ్చేవి. ముగ్గురు మిత్రులు డబ్బులు వేసుకుని ఒకటి కొని, వంతులవారీగా నకలు తీసుకునేవారు.

ఆయన తీర్పుల్లో మొదటి సూత్రం అక్కడే తయారైంది. ఆల్బమ్‌ను 'బి' వైపు చూసి లెక్కకట్టాలి. మొదటి వైపు ఎవరైనా బాగానే చేస్తారు, పేరున్న పాటలన్నీ అక్కడే సర్దుతారు. క్యాసెట్ తిప్పి వేశాక కూడా మనిషిని కూర్చోబెట్టగలిగితేనే అది ఆల్బమ్. ముందుకు తోస్తే బ్యాటరీ ఖర్చు, వెనక్కి తిప్పాలంటే పెన్సిల్. అందుకే నచ్చని పాటను కూడా పూర్తిగా వినాల్సి వచ్చేది. అలా వినగా వినగా నచ్చినవే చివరిదాకా మిగిలాయని ఆయన వాదన. పాట నచ్చకపోతే పది సెకన్లలో దాటేసే ఈనాటి పిల్లలకు ఇష్టాలు ఉంటాయి గానీ అభిప్రాయాలు ఉండవని కూడా అంటారు. ఇంట్లో ఈ మాటతో ఎవరూ ఏకీభవించరు.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేరాక రాక్ సంగీతానికి మరో ఉపయోగం ఉందని తెలిసింది. అక్కడ అది ప్రవేశ పరీక్ష. పెద్ద పేరున్న కాన్వెంట్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ ఇంట్లో అన్నలు అప్పగించిన ఆస్తి. క్వార్టర్ల నుంచి, రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు దాన్ని సంపాదించుకోవాలి. పేరు తప్పు పలికితే నవ్వేవారు. అందరికీ తెలిసిన పాట నచ్చిందంటే జాలిపడేవారు. బ్రయాన్ ఆడమ్స్ అంటే ఇష్టమని ఒప్పుకోవడం టిఫిన్ డబ్బాలో ఆవకాయ తెచ్చుకోవడం లాంటిది. రుచి అందరికీ ఇష్టమే, వాసన మాత్రం ఎవరూ భరించరు. ఆయన ఆవకాయను, ఆడమ్స్‌ను రెండింటినీ ఇంట్లోనే ఉంచి వెళ్లేవారు. 'నాకు నచ్చదు' అనడం ఎంత త్వరగా నేర్చుకుంటే ఆ గుంపులో అంత త్వరగా చోటు దొరికేదంటారు. రాక్ అభిమాని అయిష్టాలు చాలావరకు అలా పుడతాయి. వాటిలో చెవి పాత్ర తక్కువ, భయం పాత్ర ఎక్కువ.

అయినా ఆ పరీక్ష కోసం విన్నవాటిలో కొన్ని నిజంగానే సొంతమయ్యాయి. పింక్ ఫ్లాయిడ్‌లో అందరూ మొక్కేది 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కు. ఆయన ఓటు 1975 నాటి 'విష్ యు వర్ హియర్'కు. బృందాన్ని మొదలుపెట్టి, మనసు చెదిరి దూరమైన సిడ్ బారెట్ కోసం మిత్రులు చేసిన ఆల్బమ్ అది. రికార్డింగ్ జరుగుతుండగా బారెట్ గుండు, కనుబొమలు గీయించుకుని స్టూడియోలోకి వస్తే మిత్రులే వెంటనే గుర్తుపట్టలేదు. మొదటి ఆల్బమ్ ప్రపంచం గురించి మాట్లాడుతుందని, రెండోది పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ గురించి మాట్లాడుతుందని ఆయన తేడా చెబుతారు. ప్రపంచం గురించి ఎవరైనా మాట్లాడగలరట.

లెడ్ జెపెలిన్ మీద ప్రేమకు ఒక షరతు ఉంది. నల్లజాతి బ్లూస్ రచయితల పాటలు తీసుకుని పేర్లు వేయకపోవడం, ఆనక విలీ డిక్సన్ 1985లో కోర్టుకు వెళ్లడం ఆయన మరిచిపోరు. అయితే దొంగతనం విషయంలో న్యాయాధిపతి పీఠం ఎక్కడం తనకు కాస్త ఇబ్బందేనని నవ్వుతారు. 2000లో మెటాలికా నాప్‌స్టర్ మీద దావా వేసినప్పుడు తన బీరువాలో ఆ బృందానివి ఏడు క్యాసెట్లుంటే, ఏడూ పాలికా బజార్ సరుకే. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' అంతటి ఆల్బమ్‌ను 1986లో ఇచ్చినవాళ్లు డబ్బుల కోసం అభిమానుల మీద పడ్డారని అప్పట్లో మండిపడ్డారు. ఇప్పుడు ఆ వాదన అంత గట్టిగా వినిపించరు గానీ వెనక్కీ తీసుకోరు. అసలు క్యాసెట్ కొనగలిగినవాడికి మాత్రమే అభిమానించే హక్కుంటే ఆర్‌కె పురంలో అభిమానులే ఉండేవారు కాదంటారు.

ఢిల్లీ బృందాల మీద తీర్పులు మరింత కఠినం. పరిక్రమ అంటే గౌరవం. కాలేజీ ఉత్సవాల్లో విదేశీ పాటలను అచ్చంగా వాయించి, 2007 మార్చిలో బెంగళూరులో ఐరన్ మెయిడెన్‌కు ముందు వేదికెక్కి, అదే ఏడాది బ్రిటన్‌లోని డౌన్‌లోడ్ ఉత్సవం దాకా వెళ్లిన బృందం. సొంత పాటలను అమ్మకుండా ఉచితంగా పంచిపెట్టడం కూడా ఆయనకు ఇష్టం. కానీ ఒక పాట విని ఇది ఢిల్లీ అనిపించాలంటే పరిక్రమ దగ్గర ఆ క్షణం ఆయనకు అరుదుగానే దొరికిందట. ఇక యుఫోరియా. ఎముకల డాక్టరు పలాశ్ సేన్ ఇంగ్లీషు వదిలి 1998లో 'ధూమ్' ఆల్బమ్‌తో హిందీలోకి దిగినప్పుడు కాలేజీ గుంపు మొత్తం ముఖం తిప్పుకుంది, ఆయన కూడా. ఇంగ్లీషు వదిలేయడమంటే ఓడిపోవడమని అప్పటి లెక్క. యుఫోరియా ఆయనకు ఇప్పటికీ నచ్చదు, కారణం మాత్రం మారింది. హిందీ పాడినందుకు కాదట, ఆ హిందీలో ఏ వీధి వాసనా తగలనందుకట.

వీధి వాసన ఎలా ఉంటుందో ఆయనకు తెలిసింది అంతకు ముందే, 1997 జనవరి 1న. వీధి నాటకం ఆడుతుండగా 1989లో ఇదే రోజున ఢిల్లీ శివార్లలోని సాహిబాబాద్‌లో సఫ్దర్ హష్మీ మీద దాడి జరిగింది, మర్నాడు ఆయన మరణించారు. ఆ జ్ఞాపకార్థం 'సహమత్' ఏటా కొత్త సంవత్సరం రోజున కళాకారులను కూడగడుతుంది. ఆ ఏడాది మండీ హౌస్ దగ్గర వీధి వేదిక మీద 'ఇండియన్ ఓషన్' వాయించింది. ఆ కచేరీయే 'డెజర్ట్ రెయిన్' ఆల్బమ్‌గా వచ్చింది. శాలువాలు కప్పుకున్న గుమాస్తాలు, నాటకాలవాళ్లు, విద్యార్థులు, చాయ్‌వాలాలు. గేటు లేదు, ప్రవేశ పరీక్ష లేదు. గిటార్ సుస్మిత్ సేన్‌ది, కానీ అది సితార్ దారిలో నడిచేది. అశీమ్ చక్రవర్తి నేల మీద కూర్చుని తబలా వాయిస్తూనే పాడేవారు. బేస్ గిటార్ రాహుల్ రామ్‌ది. అమెరికాలోని కార్నెల్‌లో డాక్టరేట్ చేసి వచ్చి నర్మదా ఉద్యమంలో తిరిగిన మనిషి, అక్కడి నది పాటను బృందంలోకి తెచ్చారు. డ్రమ్స్ మీద అమిత్ కిలమ్. ఇద్దరు బెంగాలీలు, ఒక కశ్మీరీ, ఒక ఉద్యమకారుడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల ఊరు ఢిల్లీ. ఆ ఊరి సంగీతం ఇలాగే ఉండాలని ఆయనకు అనిపించింది. 2000లో వచ్చిన 'కందీసా' ఆ భావనను స్థిరపరిచింది. కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన ఆ ఆల్బమ్ పేరుపాట. దాన్ని ఢిల్లీ కుర్రాళ్లు ఒక్క ముక్క అర్థం కాకుండానే గొంతు కలిపి పాడారు. పాట మనదవడానికి భాష తెలియక్కర్లేదని, అలాగే భాష తెలిసినంత మాత్రాన పాట మనదైపోదని ఆయన సిద్ధాంతం.

2001లో ఆయన గుర్‌గావ్‌లోని ఒక కాల్‌సెంటర్‌లో చేరారు. రాత్రి ఉద్యోగం, అమెరికా ఖాతాదారులు, పెట్టుకున్న పేరు. అందరూ జాన్, మైక్ అంటుంటే ఆయన పింక్ ఫ్లాయిడ్ మీది భక్తితో రోజర్ అయ్యారు. సొంత పేరు చెబితే అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారని శిక్షణలో చెప్పారు. క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ మీద అంతదాకా ఉన్న కోపం ఆ రెండేళ్లలో పోయింది. జాంజిబార్‌లో పార్శీ దంపతులకు పుట్టి, పంచ్‌గని స్కూల్లో చదువుకున్న ఫరూఖ్ బుల్సారా తన భారతీయ మూలాల గురించి పెద్దగా మాట్లాడలేదని ఒకప్పుడు విసుక్కునేవారు. తెల్లవారుజామున క్యాబ్‌లో ఇంటికొస్తూ, పేరు మార్చుకున్నవాడి మీద పేరు మార్చుకున్నవాడు తీర్పు చెప్పడం బాగుండదనుకున్నారు. రేడియోహెడ్ 1997లో తెచ్చిన 'ఓకే కంప్యూటర్' కూడా ఆ క్యాబుల్లోనే అర్థమైందట. అంతకు ముందు అది మూలుగుల ఆల్బమ్ అనిపించేది. వరసగా గాజు మేడలు, లోపల తెల్లవార్లూ వెలిగే దీపాలు, ఎవరి గొంతుతో ఎవరు మాట్లాడుతున్నారో తెలియని ఫోన్లు. ఇంగ్లండ్‌లో కూర్చుని తమ బతుకు గురించి వీళ్లెలా రాశారా అని ఆశ్చర్యపోయారు.

ఇరవై ఏళ్ల నిరీక్షణ 2011 అక్టోబర్ 28న ముగియాల్సి ఉంది. మెటాలికా భారతదేశంలో మొదటిసారి, అదీ గుర్‌గావ్‌లో. గ్రేటర్ నోయిడాలో తొలి ఫార్ములా వన్ రేసు జరుగుతున్న వారాంతం. లీజర్ వ్యాలీ మైదానంలో వేలమంది గంటల తరబడి నిలబడ్డారు. వేదిక ముందు కంచె ఒరిగింది. కచేరీ మర్నాటికి వాయిదా పడిందన్నారు, తర్వాత మొత్తానికే రద్దయింది. ప్రకటన విన్న గుంపులో కొందరు వేదిక మీదికి ఎక్కి దొరికినదల్లా విరగ్గొట్టారు. రెండు రోజుల తర్వాత బెంగళూరులో అదే బృందం అద్భుతంగా వాయించింది. ఢిల్లీవాళ్లకు రాక్ వినే అర్హత లేదని ఆ వారం చాలామంది తేల్చేశారు. ఆ మాట ఆయనకు ఇప్పటికీ మింగుడుపడదు. స్పీకర్లు విరగ్గొట్టడాన్ని ఆయన సమర్థించరు. అయితే ఆ కంచె ఎటువైపు నిలబడి చూశారన్నదాన్ని బట్టి కథ మారుతుందంటారు. ముందు భాగం ఖరీదైన టికెట్లది, వెనకనుంచి తోసుకొచ్చినవాళ్లలో ఎందరో తనలాగే నకలు క్యాసెట్లతో పెరిగినవాళ్లు. ఆ రాత్రి హుడా సిటీ సెంటర్ స్టేషన్ దాకా నల్ల టీషర్టుల వరుసలో నడుస్తూ ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మెటాలికా మీద ఆయనకు కోపం రాలేదు. నల్ల అట్ట ఆల్బమ్ మాత్రం చాలాకాలం వినబుద్ధి కాలేదు.

ఆయన చిట్టాలో అసలు చిక్కు ఎరిక్ క్లాప్టన్‌తో వచ్చింది. గిటార్ అంటే ఏమిటో ఆయనకు నేర్పింది క్లాప్టన్. తండ్రి సైతం మధ్యాహ్నం నిద్ర మానుకుని విని, "వీడి చేతిలో ఏదో ఉందిరా" అని ఒప్పుకున్న ఒకే ఒక్క విదేశీ ఆయన. కొన్నేళ్ల కిందట ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న కూతురు ఒక రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, 1976లో బర్మింగ్‌హామ్‌లో మీ క్లాప్టన్ ఏమన్నాడో మీకు తెలుసా?" అంది. ఆయనకు తెలుసు. విదేశీయులు దేశం వదిలి పోవాలని, వలసలకు వ్యతిరేకంగా రెచ్చగొట్టిన నాయకుడు ఎనక్ పావెల్‌ది సరైన దారని వేదిక మీద నుంచి అన్నాడు. అంతకు రెండేళ్ల ముందే జమైకా నల్లజాతి గాయకుడు బాబ్ మార్లే పాట పాడి అమెరికాలో అగ్రస్థానానికి వెళ్లిన మనిషి! "తాగిన మైకంలో అన్నాడమ్మా, తర్వాత సిగ్గుపడుతున్నానన్నాడు" అన్నారు తండ్రి. "ఆయన పొమ్మన్నది నన్నే కదా నాన్నా. నేనిప్పుడు రోజూ నడిచే వీధుల్లోంచే కదా" అంది కూతురు.

సమాధానంగా చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. జార్జ్ హారిసన్, పండిట్ రవిశంకర్ కలిసి 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీలో ఇదే క్లాప్టన్ వాయించాడని చెప్పవచ్చు. 2018లో తన పాత మాటలకు తానే అసహ్యించుకున్నాడని చెప్పవచ్చు. కళ వేరు, కళాకారుడు వేరన్న పాత వాదమూ ఉంది. ఏదీ చెప్పలేదు. ఘంటసాల గొంతుకు అలవాటుపడిన తండ్రి ఒప్పుకున్న ఆ గిటార్, ఆ తండ్రి మనవరాలిని వెళ్లిపొమ్మన్న ఆ నోరు ఒకే మనిషివి. రెండింటినీ విడదీసి ఒకటి ఉంచుకుని ఒకటి పారేయడం ఆయనకు సాధ్యం కాలేదు. క్లాప్టన్ క్యాసెట్లు బీరువాలోనే ఉన్నాయి. చెడ్డ ఆల్బమ్‌లనలేదు, మంచివనీ ఇదివరకులా ఎవరికీ సిఫారసు చేయరు. ఆయన తీర్పుల పుస్తకంలో వాయిదా పడ్డ కేసు అదొక్కటే.

దానికి బదులు కూతురు ఆయనకు మరో దారి చూపింది. క్లాప్టన్ మాటల మీద ఆగ్రహంతోనే బ్రిటన్‌లో 1976లో 'రాక్ అగైన్‌స్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్‌లో లండన్‌లోని విక్టోరియా పార్కులో భారీ జనసమూహం ముందు ఆ ఉద్యమం కోసం 'ద క్లాష్' వాయించింది. పంక్ అంటే మూడు మెట్లు కూడా సరిగా రానివాళ్ల గోల అని కాలేజీలో నేర్చుకున్న అయిష్టం ఆయనది. ఆ బృందం 1979లో తెచ్చిన 'లండన్ కాలింగ్'ను యాభై ఏళ్ల వయసులో మొదటి నుంచి చివరిదాకా, 'బి' వైపు సూత్రం ప్రకారం విన్నారు. వాయించడం పెద్ద గొప్పగా లేదన్న అభిప్రాయం అలాగే ఉంది. కానీ ఎవరు నిలబడ్డారు, ఎవరి పక్కన నిలబడ్డారు అన్నది కూడా సంగీతంలో వినిపిస్తుందని ఇప్పుడు అంటారు.

అందుకే ఆయన అన్ని దారులూ చివరకు ఇండియన్ ఓషన్ దగ్గరికే వస్తాయి. ఆ బృందం మీద కూడా ఫిర్యాదులున్నాయి. 2013లో సుస్మిత్ సేన్ వెళ్లిపోయాక గిటార్‌లో ఆ నిదానం పోయిందంటారు. 2014 నాటి 'తందాను'లో అతిథులు ఎక్కువై ఇంటివాళ్లు కనబడటం లేదంటారు. అయితే 2010 నాటి '16/330 ఖజూర్ రోడ్' దగ్గర ఫిర్యాదులు ఆగిపోతాయి. కరోల్‌బాగ్‌లో బృందం ఏళ్ల తరబడి సాధన చేసిన పాత బంగళా చిరునామా అది. పాటలను నెలకొకటి చొప్పున ఎవరైనా తీసుకోవచ్చని ఉచితంగా ఇచ్చేశారు, పాలికా బజార్ మెట్లు దిగినవాళ్ల బాకీ తీర్చినట్టు. అప్పటికి అశీమ్ చక్రవర్తి లేరు. 2009 డిసెంబర్ 25న గుండె జబ్బుతో మరణించారు. ఆల్బమ్‌లో గొంతు మాత్రం ఉంది.

ఆ తర్వాత బృందం ఏం చేసిందన్నది ఆయనకు ఏ ఆల్బమ్ కన్నా ఇష్టమైన సంగతి. అశీమ్ ఒక్కరే తబలా వాయిస్తూ పాడేవారు. ఆయన స్థానంలో ఇద్దరిని తెచ్చుకోవాల్సి వచ్చింది. తబలాకు తుహీన్ చక్రవర్తి, గానానికి హిమాంశు జోషి. ఒక మనిషి వదిలిన చోటు ఎంత పెద్దదో వేదిక మీద లెక్కపెట్టి చూపించినట్టుందని ఆయన అంటారు. ఆ ఇద్దరి మీదా ఆయనకు అభిప్రాయాలున్నాయి. జోషి పైస్థాయిలో బాగా పాడతారట, కిందిస్థాయిలో అశీమ్ గుర్తొస్తారట. మళ్లీ కచేరీ ఉందంటే మాత్రం టికెట్ ఆయనే ముందు తీసుకుంటారు, ఈసారి అసలు ధరకు.